పిల్లలు చూసి ఊరుకోకుండా, చేసి మాట్లాడేలా చేసే బోధన సామగ్రి ఏది? (6 నుంచి 10 తరగతులు)

ప్రశ్న: సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయిని, శ్రీకాకుళం జిల్లా

అందరికీ నమస్కారం. టెక్కలికి, పలాసకు నడుమ ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా బడిలో గణితం, సైన్సు చెప్పే సహోద్యోగులకూ ఇదే సమస్య ఉన్నందున వారి తరఫున కూడా అడుగుతున్నాను.

మాకు గోడకు బిగించిన పెద్ద డిజిటల్ ప్యానెల్ ఉంది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. ప్రభుత్వ ఆన్‌లైన్ విద్యా వేదిక దీక్షాలో వీడియోలకు కొదవ లేదు. వీడియో వేసినంతసేపూ పిల్లలు కదలకుండా చూస్తారు. అది ముగిశాక "ఏం తెలుసుకున్నారు?" అని అడిగితే మాత్రం ముందు బెంచీలోని ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ నోరు విప్పరు. ఆరో తరగతిలో చేరిన కొత్తలో ప్రతి విషయానికీ "ఎందుకు టీచర్?" అని అడిగిన పిల్లలే ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మాట మానేస్తున్నారు. తొమ్మిదిలో ఆ మౌనం ఇంకా పెరుగుతోంది. వాళ్లకు ఆసక్తి లేదని అనడానికి నాకు మనసొప్పదు. మధ్యాహ్న భోజనం వేళ వరుసలో నిలబడి వాళ్లు మాట్లాడుకునే మాటలు వింటే ఎంత ఆలోచిస్తున్నారో తెలుస్తుంది.

మా పరిస్థితి కూడా చెబుతాను. ఒక్కో సెక్షన్‌లో దాదాపు యాభై మంది ఉంటారు. ఇంటర్నెట్ ఉన్నట్టే ఉండి పోతుంది. తల్లిదండ్రులు వలస పనులకు వెళ్లడంతో అమ్మమ్మల దగ్గర, నానమ్మల దగ్గర పెరిగే పిల్లలు చాలామంది ఉన్నారు కనుక "ఇంట్లో ఫోనులో చూసి రండి" అని చెప్పే వీలు లేదు. డబ్బు పెట్టి కొనవలసిన సామగ్రి ఏదీ మాకు సాధ్యం కాదు. ఇన్ని పరిమితుల మధ్య, హైస్కూలు పిల్లలచేత నిజంగా మాట్లాడించిన సామగ్రి మీ అనుభవంలో ఏదైనా ఉంటే దయచేసి తెలపండి. వెబ్‌సైట్ల జాబితాలు నాకు ఇప్పటికే చాలా అందాయి. ఒక్క పాఠమైనా సరే, తరగతిలో దాన్ని ఎలా నడిపారో వివరంగా రాస్తే మేలు చేసినవారవుతారు.

జవాబు 1: భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

మేడం గారూ, వీడియో ముగిశాక అడిగిన ప్రశ్నకు పిల్లలు బదులు చెప్పకపోవడం సహజమే, ఎందుకంటే అప్పటికే చెప్పవలసినదంతా వీడియో చెప్పేసింది. అందుకే ఏ సామగ్రిని చేతిలోకి తీసుకున్నా నేను మొదట చూసేది ఒక్కటే: పిల్లవాడు చేయడానికి అందులో ఇంకా పని మిగిలి ఉందా, లేదా? పని మిగలకపోతే అది ఎంత అందంగా ఉన్నా నేను దాన్ని పాఠం మధ్యలో వాడను.

మీ ప్యానెల్ మీద వెంటనే మొదలుపెట్టగలిగినది ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీదే మార్చి చూడగలిగే ప్రయోగాలు. భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వైమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఈ పని ప్రారంభించారు. అవి పూర్తిగా ఉచితం, వాటిలో చాలావాటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, వాటిని ఒకసారి దించుకుంటే ఆ తరువాత ఇంటర్నెట్ అవసరం ఉండదు. అయితే సిమ్యులేషన్‌ను కూడా వీడియోలాగే చూపిస్తే మళ్లీ అదే మౌనం వస్తుంది. విద్యుత్ వలయాల పాఠాన్ని నేను నడిపే పద్ధతి ఇది. తెర మీద ఒక బ్యాటరీ, వరుసగా కలిపిన రెండు బల్బులు పెడతాను. స్విచ్ వేయను. "రెండిట్లో ఒక బల్బు తీసేస్తే రెండోది ఎలా వెలుగుతుంది? ఎక్కువగానా, తక్కువగానా, అలాగేనా, అసలు వెలగదా?" అని అడిగి, ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో జవాబు, దాని కింద ఒక్క వాక్యంలో కారణం రాసేదాకా ఆగుతాను. తరువాత అందరూ ఒకేసారి వేళ్లతో తమ జవాబు చూపాలి, ఒకటి నుంచి నాలుగు వరకు. చేతిని గుండెకు ఆనించి చూపమంటే పక్కవాడిది చూసి మార్చుకునే అవకాశం తగ్గుతుంది. జవాబులు చీలిపోయినప్పుడు "మీ జవాబుతో ఏకీభవించని వారిని ఒకరిని వెతికి, మూడు నిమిషాల్లో ఒప్పించండి" అంటాను. ఆ మూడు నిమిషాలూ తరగతి సంతలా ఉంటుంది, ఉండాలి కూడా. మళ్లీ వేళ్లు చూపించాకే తెర మీద బల్బు తీస్తాను. హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990లలో తన తరగతుల్లో ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇదే. దీనికి కావలసిన యంత్రం ఏదీ లేదు, ఒక మంచి ప్రశ్న ఉంటే చాలు. తెర మీద తేలాక అదే వలయాన్ని టార్చి బల్బులతో, సెల్సుతో పిల్లలచేత కట్టిస్తాను. తెర మీద చూసినది చేతిలోనూ నిజమైనప్పుడే వాళ్లు నమ్ముతారు.

రెండోది మీకు, మాకు కలిపి చేసుకునే వీలున్న పని కనుక కొంచెం వివరంగా రాస్తాను. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దిలో ఎరటోస్తనీస్ ఈజిప్టులో రెండు ఊళ్ల మధ్య సూర్యకిరణాల కోణంలో ఉన్న తేడాను బట్టి భూమి చుట్టుకొలతను లెక్కకట్టాడని పిల్లలు పుస్తకంలో చదువుతారు. మన రెండు జిల్లాలు అదే లెక్క చేయడానికి ఎంత అనువుగా ఉన్నాయో చూడండి. విజయనగరం సుమారు 18.1 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, ఇచ్ఛాపురం సుమారు 19.1 డిగ్రీల మీద ఉన్నాయి. అంటే సరిగ్గా ఒక డిగ్రీ తేడా. సెప్టెంబరు 23 ప్రాంతంలో, పగలు రాత్రి దాదాపు సమానంగా ఉండే రోజున, మీటరు పొడవున్న కర్రను నిలువుగా పాతితే మధ్యాహ్నపు అతి చిన్న నీడ విజయనగరంలో దాదాపు 32.7 సెంటీమీటర్లు, ఇచ్ఛాపురంలో దాదాపు 34.7 సెంటీమీటర్లు ఉండాలి. రెండు సెంటీమీటర్ల తేడా స్కేలుతో కొలవగలిగినదే.

కర్ర నిలువుగా ఉందో లేదో తాపీమేస్త్రీ వాడే తూకం గుండుతో, లేదా దారానికి రాయి కట్టి సరిచూసుకోవాలి. పదకొండున్నర నుంచి పన్నెండు దాటేదాకా ప్రతి రెండు మూడు నిమిషాలకు నీడ కొన దగ్గర చుక్క పెడుతూ పోవాలి. పన్నెండు గంటలకు నీడ అతి చిన్నదిగా ఉంటుందని పిల్లలందరూ అనుకుంటారు. కానీ మన ప్రాంతంలో ఆ రోజున అది పన్నెండుకు పది, పదిహేను నిమిషాల ముందే వస్తుంది. ఇచ్ఛాపురం తూర్పున ఉన్నందువల్ల అక్కడ మాకంటే సుమారు ఐదు నిమిషాలు ముందు వస్తుంది. ఎందుకు అన్న ప్రశ్న అక్కడ పిల్లల నోటినుంచే పుడుతుంది. రేఖాంశాలు, భారత ప్రామాణిక కాలం అనే పాఠం మీరు అక్కడే మొదలుపెట్టవచ్చు.

రెండు బడుల కొలతలూ ఫోనులో మార్చుకున్నాక పదో తరగతి పిల్లలు నీడ పొడవును కర్ర పొడవుతో భాగించి, టాంజెంట్ పట్టిక నుంచి కోణాలు తీస్తారు. రెండు ఊళ్ల మధ్య రోడ్డు దూరం కాదు, పటం మీద ఉత్తర దక్షిణాలుగా కొలిచిన దూరం తీసుకోవాలి. అది సుమారు 112 కిలోమీటర్లు. ఒక డిగ్రీకి 112 అయితే 360 డిగ్రీలకు 40,320. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత దాదాపు 40,008 కిలోమీటర్లు. నీడ కొలవడంలో రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే జవాబు పదో వంతు, అంటే దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు తప్పుతుంది. ఆ తప్పు వచ్చినా నష్టం లేదు, ఎక్కడ వచ్చిందో వెతకడమే పాఠంలో విలువైన భాగం. కర్రను రెండు మీటర్లకు పెంచితే ఎందుకు మేలవుతుందో పిల్లలే చెబుతారు. కింది తరగతులకు కోణమాపకంతో ఒక డిగ్రీ తేడాను పట్టుకోవడం కుదరదు కాబట్టి వాళ్లకు నీడ, దిక్కులు, సమయం వరకే పరిమితం చేయాలి.

జవాబు 2: విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

అమ్మా, మీది నా సబ్జెక్టు కాబట్టి రెండు మాటలు రాయాలనిపించింది. సాంఘిక శాస్త్రంలో మన దగ్గర ఉన్న గొప్ప సామగ్రి మన జిల్లాయే. స్థానిక చరిత్ర పేరుతో శ్రీముఖలింగం, శ్రీకూర్మం, శాలిహుండం, అరసవల్లి పేర్లు బట్టీ పట్టిస్తే అది మరొక జాబితా అవుతుంది తప్ప పాఠం కాదు. పిల్లల ముందు ఒక ఆధారం పెట్టాలి, ఆ ఆధారం దేనిని నిరూపిస్తుందో, దేనిని నిరూపించలేదో వాళ్లే తేల్చాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. మీ పిల్లల ఇళ్లలో ఆ రాత్రిని మరచిపోయినవారు ఉండరు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా కూలిపోయాయో ప్రతి కుటుంబం చెబుతుంది. భారత వాతావరణ శాఖ ప్రతి తుఫానుకూ అది ఏ సమయానికి ఏ అక్షాంశ రేఖాంశాల మీద ఉందో చూపే నివేదికను ప్రజలకు అందుబాటులో ఉంచుతుంది. ఆ అంకెలను నల్లబల్ల మీద రాసి, గ్రాఫు కాగితం మీద బంగాళాఖాతం తీరరేఖ గీయించి, ఒక్కో స్థానాన్ని పిల్లలచేత గుర్తు పెట్టించండి. అక్షాంశాలు, రేఖాంశాలు ఎందుకు నేర్చుకోవాలని ఆ రోజు ఎవరూ అడగరు. గీత తమ ఊరివైపు వస్తున్నట్టు కనబడగానే తరగతి అంతా లేచి నిలబడుతుంది. తీరం దాటాక అది వాయవ్యంగానే పోకుండా ఒడిశా వైపు మళ్లి ఈశాన్యానికి ఎందుకు తిరిగిందో ఊహించమనండి. మీ ప్రశ్నలో చెప్పిన మౌనం ఆ పీరియడ్‌లో ఉండదని నా నమ్మకం.

దాని తరువాత అసలైన చరిత్ర పని మొదలవుతుంది. ప్రతి పిల్లవాడూ ఇంట్లో పెద్దవాళ్లను నాలుగే ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకు రావాలి: గాలి ఎప్పుడు మొదలైంది, ఎటునుంచి వీచింది, ముందుగా హెచ్చరిక ఎవరు చెప్పారు, కరెంటు ఎన్నాళ్లకు వచ్చింది. ఫోను అక్కర్లేదు, అమ్మమ్మ ఉంటే చాలు. వలస వెళ్లిన ఇళ్ల పిల్లలకు ఈ పనిలో లోటు ఉండదు, పైగా ఊళ్లో ఉండిపోయిన ముసలివాళ్లకే అందరికంటే ఎక్కువ తెలుసు. జవాబులన్నీ తరగతిలో పక్కపక్కన పెడితే ఒక ఇంటి సమయానికి, మరో ఇంటి సమయానికి పొంతన ఉండదు. గాలి దిక్కు మధ్యలో మారిందని కొందరు, మారలేదని కొందరు అంటారు. ఎవరు అబద్ధం చెప్పారు అని కాకుండా, ఇద్దరూ నిజమే చెప్పి ఉండే అవకాశం ఉందా అని అడగండి. తుఫాను కేంద్రానికి ఎటువైపు ఉన్న ఊరిలో గాలి ఎటునుంచి వీస్తుందో తెలిసిన పిల్లవాడు ఆ చిక్కును విప్పగలడు. చరిత్రకారుడు శాసనాన్ని, సాహిత్యాన్ని, నాణేన్ని పక్కపక్కన పెట్టి చూసేది ఇలాగేనని తరువాత చెబితే ఆ మాట పిల్లల బుర్రకు ఎక్కుతుంది.

శాలిహుండంలోని ప్రాచీన బౌద్ధ స్థలానికి అందరినీ బస్సులో తీసుకెళ్లే స్తోమత ప్రతి బడికీ ఉండదు. ఇస్రో వారి భువన్ పటాల్లో ఆ కొండను, పక్కనే వంశధారను, కాస్త దూరంలో నది సముద్రంలో కలిసే చోట ఉన్న కళింగపట్నాన్ని ఒక్క చిత్రంగా దించుకుని ప్యానెల్ మీద పెట్టవచ్చు. ఏమీ చెప్పకుండా "బౌద్ధ భిక్షువులు నివసించడానికి ఈ కొండనే ఎందుకు ఎంచుకుని ఉంటారు?" అని మాత్రం అడగండి. నీళ్లు, ఓడరేవు, వర్తకులు, వరద రాని ఎత్తు అన్నీ పిల్లల నోటినుంచే వస్తాయి. ఈ స్థలాన్ని 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చారన్న సంగతి చివర చెప్పండి. భాషకోసం పోరాడిన మనిషిగానే పిల్లలకు తెలిసిన ఆయన, ముఖలింగం శాసనాలు చదువుతూ చరిత్రలోకి వచ్చినవారు కూడానని వాళ్లకు తెలియాలి.

ఇంకొక చిన్న పని. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాత జిల్లా పటాన్ని, కొత్త పటాన్ని పక్కపక్కన పెట్టి, రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లడంతో ఆ ఊళ్ల మనుషులకు కలెక్టరు కార్యాలయం దగ్గరైందా, దూరమైందా అని స్కేలుతో కొలిపించండి. పౌరశాస్త్రం పాఠానికి దీనికంటే మంచి ప్రవేశం నాకు తోచలేదు.

జవాబు 3: గణిత ఉపాధ్యాయిని, పొందూరు ప్రాంతం

గణితానికి స్థానిక సామగ్రి దొరకదని చాలామంది అనుకుంటారు. మా పక్కన పొందూరు ఉంది కాబట్టి నేను నూలుతో ఎనిమిదో తరగతికి అనుపాతాలు చెబుతాను. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసే పద్ధతి మా ఊళ్లలో అందరూ చూసినదే. ఆ సన్నని పళ్ల వరుసను చేతితో తాకనిస్తే పాఠం మొదలైనట్టే.

నూలు నంబరు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తాయన్న లెక్క. 100 నంబరు నూలైతే పౌనుకు 84,000 గజాలు. దీన్ని మీటర్లలోకి, గ్రాముల్లోకి మార్చమంటే పిల్లలు గజానికి 0.9144 మీటరు, పౌనుకు 453.6 గ్రాములు వేసి, ఒక గ్రాము నూలు సుమారు 169 మీటర్లు వస్తుందని తేలుస్తారు. లెక్క కట్టేముందు ఒక గ్రాము దారం ఎంత పొడవుంటుందో ఊహించి పలక మీద రాయమంటాను. రెండు మీటర్లని, పది మీటర్లని రాసినవాళ్లే ఎక్కువ. జవాబు తేలాక బడి ప్రహరీ చుట్టూ ఆ దారం ఎంతదూరం వస్తుందో అడుగులు వేసి చూస్తారు. నంబరు పెరిగితే దారం సన్నబడుతుందా, లావవుతుందా అన్నది విలోమానుపాతానికి చక్కటి చర్చ.

పొందూరు దగ్గరలో లేని బడివారు ఏదైనా దారం పది మీటర్లు కొలిచి, ఊళ్లో కంసాలి దగ్గర ఉండే ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, గ్రాముకు ఎన్ని మీటర్లో కనుక్కుని 1.693తో భాగిస్తే ఆ దారం నంబరు వస్తుంది. ఆ 1.693 ఎక్కడినుంచి వచ్చిందో పిల్లలచేతే కనుక్కునేలా చేయాలి.

జ్యామితికి సైకిల్ ట్యూబు వాల్వు ముక్కలు, అగ్గిపుల్లలు చాలు. అరవింద్ గుప్తా గారు ఎన్నో ఏళ్ల కిందట చూపిన ఈ పద్ధతి ఇప్పటికీ సాటిలేనిది. త్రిభుజం నొక్కితే కదలదు, చతురస్రం ఒరిగిపోతుంది, కర్ణం ఒకటి వేస్తే అదీ నిలబడుతుంది. ఆయన వెబ్‌సైటులో తెలుగుతో సహా అనేక భాషల్లో పుస్తకాలు, చేతితో చేసే బొమ్మల వివరణలు ఉచితంగా ఉన్నాయి. తొమ్మిదో తరగతి సరళరేఖలకు జియోజెబ్రా అనే ఉచిత గణిత సాఫ్ట్‌వేర్ వాడండి. వాలును ఒక స్లైడరుతో మారుస్తూ, జరిపే ముందు రేఖ ఎటు తిరుగుతుందో గాలిలో చేతితో చూపమనండి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

గురువుగారికి, మాస్టారికి, మేడం గారికి హృదయపూర్వక కృతజ్ఞతలు. తుఫాను పాఠం నేను తప్పకుండా చేస్తాను. మా పిల్లల్లో ఎక్కువమంది అప్పటికి బాగా చిన్నవాళ్లు, కాబట్టి ఇంట్లో అడిగి తెలుసుకోవలసినది నిజంగానే ఉంది. నాకున్న ఒకే ఒక సందేహం సమయం గురించి. తుఫాను గీతకు ఒక పీరియడ్, ఇంటి జవాబులకు మరొకటి, చర్చకు ఇంకొకటి పట్టేలా ఉంది. సిలబస్ పూర్తి కాలేదని చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అడిగితే ఏమని చెప్పాలి?

జవాబు 4: ప్రధానోపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

ఈ సందేహానికి పరిష్కారం మన మూల్యాంకన విధానంలోనే ఉంది. ఫార్మేటివ్ పరీక్షల్లో పిల్లల భాగస్వామ్యం, రాత పని, ప్రాజెక్టు పని అన్న అంశాలకు విడిగా మార్కులున్నాయి. ఇప్పుడు చాలాచోట్ల ప్రాజెక్టు అంటే చార్టు మీద అతికించిన బొమ్మలు. తుఫాను ఇంటర్వ్యూను ప్రాజెక్టుగా, గ్రాఫును రాత పనిగా, చర్చను భాగస్వామ్యంగా నమోదు చేయండి. అదనంగా పీరియడ్లు అడగవలసిన పని ఉండదు. వాతావరణం, విపత్తులు, అక్షాంశాలు, ఆధారాల పరిశీలన అన్న నాలుగు పాఠాలకు ఇది ఒక్కటే సరిపోతుందని పాఠ్య పథకంలో రాసి పెట్టుకుంటే అడిగినవారికి చూపవచ్చు.

హెచ్.ఎం.గా రెండు జాగ్రత్తలు చెప్పాలి. నీడ ప్రయోగంలో పిల్లలు నేరుగా సూర్యుణ్ణి చూడకుండా ఒక ఉపాధ్యాయుడు దగ్గరే ఉండాలి. యాభై మందినీ ఎండలో గంటసేపు నిలబెట్టకుండా పది మంది చొప్పున బృందాలుగా మార్చాలి. తుఫానులో ఆత్మీయులను కోల్పోయిన ఇల్లు ఏదైనా ఉంటే, ఆ బిడ్డను ఆ ప్రశ్నలు అడిగి రమ్మనకుండా గ్రాఫు పనిలో పెట్టాలి. ఊరి పిల్లల సంగతి తరగతి ఉపాధ్యాయులకే తెలుస్తుంది కనుక ముందుగా వారితో మాట్లాడండి.

జవాబు 5: జీవశాస్త్ర ఉపాధ్యాయిని, టెక్కలి ప్రాంతం

మొదటి జవాబులోని మాస్టారితో నాకు ఒక్కచోట భేదాభిప్రాయం ఉంది. గుండె కవాటాలు తెరుచుకోవడం, కణవిభజన వంటివి కళ్లతో చూడక తప్పదు, అక్కడ వీడియో కావాలి. కానీ నేను వీడియోలో మాట ఆపేసి బొమ్మ మాత్రమే నడుపుతాను. వ్యాఖ్యానం పిల్లలే చెప్పాలి, ఇద్దరిద్దరు చొప్పున అరనిమిషం. రక్తం ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతోందో తెలియనివాడు అక్కడ ఆగిపోతాడు, పక్కవాడు అందుకుంటాడు. అప్పుడు దీక్షా వీడియోలోనూ పిల్లలకు పని మిగులుతుంది.

మన మండలంలోనే తేలినీలాపురం ఉంది కదా. చలికాలంలో అక్కడి చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని మన ఊళ్లలో అందరూ చెబుతారు, పిల్లలూ అదే చెబుతారు. కాదని నేను చెప్పను. ఈబర్డ్ అనే ఉచిత వేదికలో ఆ రెండు పక్షులూ ప్రపంచంలో ఎక్కడెక్కడ కనబడ్డాయో చూపే పటాలను ముందురోజే ఫోనులో దించుకుని ప్యానెల్ మీద పెడతాను. సైబీరియాలో ఒక్క గుర్తూ ఉండదు, దక్షిణాసియా, ఆగ్నేయాసియాలే నిండి ఉంటాయి. "మరి సైబీరియా మాట ఎక్కడినుంచి వచ్చింది? అక్కడినుంచి వచ్చే పక్షులు వేరే ఏవైనా ఉన్నాయా?" అని తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు అడిగిన ప్రశ్నతో ఆ ఏడాది మా సైన్సు క్లబ్బు నడిచింది. అక్టోబరు నుంచి వారానికొకసారి ఒకే చెట్టును ఎంచుకుని గూళ్లు లెక్కపెట్టించండి. ఆ ఊరి పిల్లలు మీ తరగతిలో ఉంటే వాళ్లే లెక్క తెస్తారు, చదువులో వెనకబడ్డారని మనం అనుకునే పిల్లలు ఆ పట్టికను ఎంత శ్రద్ధగా నింపుతారో చూస్తే మీకు సంతోషం కలుగుతుంది. గూళ్లకు దూరంగా ఉండి చూడాలని, కేకలు వేయరాదని మాత్రం మొదటిరోజే గట్టిగా చెప్పాలి.

ప్రశ్న అడిగిన ఉపాధ్యాయిని

అందరికీ మరొకసారి ధన్యవాదాలు. జీవశాస్త్రం మేడం గారు మా పక్కనే ఉన్నారని ఇప్పుడే తెలిసింది, స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో కలుస్తాను. ముందుగా నీడ ప్రయోగం, దసరా సెలవుల తరువాత తుఫాను పాఠం చేయాలని మా ఉపాధ్యాయులం అనుకున్నాం. మా బడి ఇచ్ఛాపురంలో కాదు కనుక అక్కడి బడిలో తెలిసిన గణితం మాస్టారిని ఒప్పించాను. మేము మధ్యలో మూడో కొలత తీస్తాం. మాస్టారూ, ఫెట్ సిమ్యులేషన్లను ఇంటర్నెట్ లేని ప్యానెల్‌లోకి ఎలా ఎక్కించాలో, నీడ కొలిచే రోజు మబ్బు పడితే ఏం చేయాలో తెలపగలరా?

జవాబు 6: భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

సంతోషం మేడం. ఫెట్ వెబ్‌సైటులో ఒక్కో సిమ్యులేషన్ పేజీలో అనువాదాల విభాగం ఉంటుంది. అందులో తెలుగును ఎంచుకుని దించుకుంటే ఒకే ఒక్క ఫైలు వస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి ప్యానెల్‌లోని బ్రౌజరులో తెరవండి, ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. బ్రౌజరు మరీ పాతదైతే తెరుచుకోకపోవచ్చు. అలాంటప్పుడు బడిలో ఉన్న కంప్యూటరును ప్యానెల్‌కు తగిలించి చూపవచ్చు. పేర్లు తెలుగులో మార్చి, తరగతుల వారీగా ఫోల్డర్లు చేసి పెడితే మీ తరువాత వచ్చేవారికి కూడా ఉపయోగపడతాయి.

మీరు మూడో కొలత తీయడం చాలా మంచి ఆలోచన. మీ నీడ మా నీడకూ, ఇచ్ఛాపురం నీడకూ మధ్యలో రావాలి. రాకపోతే ఎవరి కర్ర ఒరిగిందో పిల్లలు తేల్చుకుంటారు. మబ్బు పడితే 24న, లేదా 25న కొలవవచ్చు, తేదీ ఒకటి రెండు రోజులు జరిగినా లెక్కకు నష్టం లేదు. కానీ మూడు బడులూ ఒకే రోజు కొలవాలి, ఎందుకంటే సూర్యుడు రోజుకు దాదాపు 0.4 డిగ్రీ దక్షిణానికి జరుగుతూ ఉంటాడు, మనం కొలుస్తున్న తేడాయే ఒక డిగ్రీ. ఆ ఉదయం పది గంటలకు మూడు ఊళ్లలో ఆకాశం ఎలా ఉందో ఫోనులో చెప్పుకుని, అందరికీ ఎండ ఉంటేనే మొదలుపెడదాం. కర్రలు మాత్రం మూడుచోట్లా నేలకు పైన సరిగ్గా ఒక మీటరు ఉండేలా ముందురోజే పాతించి పెట్టండి.